వెనక ఎడమ చక్రం ఎందుకు రాసుకుంది: 16 అంగుళాల అల్లాయ్‌లతో రెండేళ్లు

2023 దసరాకి నా పాత స్విఫ్ట్ డీజిల్‌కి 16 అంగుళాల అల్లాయ్ చక్రాలు వేయించాను. రెండేళ్లు దాటింది, 31 వేల కిలోమీటర్లు తిరిగాను. అందులో మొదటి మూడు నెలలు 'జర్‌ర్' మనే ఒక్క శబ్దం వెంట పడడంతోనే సరిపోయింది.

వేయించిన రోజు అమ్మ పట్టుబట్టి ఆశీలుమెట్ట సంపత్ వినాయకుడి గుడికి తీసుకెళ్లింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. బండి చూడముచ్చటగా ఉంది, నేనొక్కడినే నడిపితే చప్పుడు లేదు. ఆ ఆదివారం అమ్మానాన్నల్నీ పిన్నినీ వెనక కూర్చోబెట్టుకుని సింహాచలం కొండెక్కుతుంటే కుడివైపు తిరిగే మొదటి పెద్ద మలుపులోనే మొదలైంది. ఎవరో గరుకు కాగితం పెట్టి గీస్తున్నట్టు. ఎడమ మలుపుల్లో ఏమీ లేదు. పైకి వెళ్లి దిగేసరికి రబ్బరు మాడిన వాసన. "అప్పన్న దగ్గరికి వస్తూ ఆ మోత ఏంట్రా" అని పిన్ని.

మర్నాడు ఒక షాపుకి తీసుకెళ్తే బేరింగ్ పోయిందన్నారు. ₹2,800 పెట్టి వెనక ఎడమ బేరింగ్ మార్పించాను. శబ్దం అలాగే ఉంది. అసలు బేరింగ్ మోత ఇలా ఉండదని నాకు అప్పుడు తట్టలేదు. అది స్పీడుతో పాటు పెరిగే గూంకారం, మనుషులు దిగిపోయినా ఆగదు. నాది మాత్రం బరువు పెరిగినప్పుడు, గతుకులో పడినప్పుడు, కుడి మలుపులో మాత్రమే వచ్చేది. కుడికి తిరిగితే బండి ఎడమకి ఒరుగుతుంది, వెనక ఎడమ స్ప్రింగ్ నొక్కుకుపోతుంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఉంటే ఆ డబ్బు మిగిలేది.

ఇంకో షాపులో "స్పేసర్ వేసేద్దాం సార్" అన్నారు. స్పేసర్ అంటే చక్రం వెనక వేసే బిళ్ల, అది చక్రాన్ని ఇంకా బయటికి తోస్తుంది. బయట రాసుకుంటున్న చక్రానికి అది మందెలా అవుతుందో అడిగితే జవాబు లేదు. ఇక నేనే కూర్చున్నాను.

వెనక సీటు మీద, డిక్కీలో కలిపి ఆరు పాతిక కిలోల బియ్యం బస్తాలు వేశాను. మా షాపు కాబట్టి బస్తాలకి లోటు లేదు. టైరు భుజం మీద, అంటే నేలకి ఆనే భాగం పక్కకి తిరిగే అంచు మీద, చుట్టూ సుద్దముక్కతో దట్టంగా రుద్ది, మా వీధి చివరి స్పీడ్ బ్రేకర్ మీద నాలుగుసార్లు ఎక్కించి దించాను. ఎడమ టైరు బయటి భుజం మీద వేలెడు వెడల్పున సుద్ద మొత్తం పోయింది. చక్రం మీద కప్పుగా ఉండే రేకు, అదే ఫెండర్, దాని లోపలికి చెయ్యి పెట్టి తడిమితే అంచు మీద తెల్లటి పొడి, దాని కింద నున్నగా అరిగిన మెటల్. కుడి టైరు మీద సుద్ద చెక్కుచెదరలేదు.

తర్వాత ఎడమ వైపు అల్లాయ్ తీసి 14 అంగుళాల స్టెప్నీ వేశాను. అవే బస్తాలు, అదే బ్రేకర్. చప్పుడు లేదు. అంటే బేరింగూ కాదు, షాక్ అబ్జార్బరూ కాదు. కుడి ఎడమ అల్లాయ్‌లు అటూ ఇటూ మార్చాను. శబ్దం ఎడమ వైపే ఉండిపోయింది, అంటే రిమ్ వంకరా కాదు. ఈ రెండు పనులకీ కలిపి గంటన్నర పట్టింది, ఖర్చు రెండు టీలు.

లెక్క వేసుకోవాల్సింది కొనకముందే. పాత అల్లాయ్‌లు కూడా కంపెనీవి కావు, మొదటి ఓనరు వేయించుకున్నవి. రిమ్ వెనక 6J, ET45 అని ఉంది. 6J అంటే రిమ్ వెడల్పు ఆరు అంగుళాలు; ET అంటే ఆఫ్‌సెట్, రిమ్ మధ్యగీత నుంచి అది బండికి ఆనే చోటు దాకా మిల్లీమీటర్లలో దూరం. కొత్తవి 7J, ET35. వెడల్పు ఒక అంగుళం పెరిగింది, అంటే ఒక్కో పక్కకి 12.7 మిల్లీమీటర్లు. ఆఫ్‌సెట్ పది తగ్గింది, అంటే చక్రం మొత్తం మరో పది బయటికి. కలిపితే రిమ్ బయటి అంచు 22.7 మిల్లీమీటర్లు బయటికి జరిగింది, లోపలి అంచు 2.7 మాత్రమే లోపలికి. ఇది కాక టైరు మీద రాసే 195 అనే వెడల్పు అంకె 6 అంగుళాల రిమ్ మీద కొలిచినది. 7 అంగుళాల దాని మీద ఇంకో సెంటీమీటరు దాకా ఉబ్బుతుంది. ఎత్తు మాత్రం మారలేదు: పాత 185/65 R15, కొత్త 195/55 R16 రెండూ దాదాపు 621 మిల్లీమీటర్లే. షాపువాళ్లు "సైజు సేమ్ సార్" అన్నది ఈ ఎత్తు గురించే, నేను విన్నది వేరే.

కానీ ఈ లెక్క రెండు పక్కలకీ ఒకటే కదా. మరి ఎడమ ఒక్కటే ఎందుకు? అక్కడ రెండు రాత్రులు బుర్ర తిన్నాను.

సమతలంగా ఉన్న చోట బండి ఆపి, ఫెండర్ అంచుకి దారం అతికించి దాని చివర ఒక నట్టు కట్టి వేలాడదీశాను. దారానికీ టైరు ఉబ్బుకీ మధ్య కుడి పక్క 9 మిల్లీమీటర్లు, ఎడమ పక్క 3. ఇరుసు పక్కకి జరిగిందేమో అనుకుని లోపలి వైపు టైరు నుంచి ఇన్నర్ ప్యానెల్‌కి కొలిచాను. రెండు పక్కలా సమానం. చక్రం తన చోటే ఉంది, ఫెండరే లోపలికి వచ్చింది. ఇంట్లో ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి పెట్టాను. కుడి ఫెండర్‌కి టక్కున అతుక్కుంది. ఎడమ దానికి అంచు దగ్గర పెడితే జారి కింద పడింది.

గాజువాక ఆటోనగర్‌లో టింకరింగ్ చేసే పెద్దాయన వేళ్లతో రెండుసార్లు తట్టి నవ్వాడు. "ఏటి బాబూ, ఈ బండి ఎక్కడో గుద్దించీసినారు కదేటి? అంతా లప్పమే." లప్పం అంటే సొట్టల్ని పూడ్చే పేస్టు, దానికి అయస్కాంతం అతుక్కోదు. మొదటి ఓనరు "చిన్న గీత కూడా పడలేదండి" అన్నాడు నాతో. లప్పం గీకించి, రేకు వెనక నుంచి కొట్టి సరిచేసి, అంచు మడిచి, మళ్లీ రంగు వేయించాను. రెండు రోజులు, ₹6,500. కుడి వైపు అంచు కూడా హీట్ గన్‌తో వేడిచేసి మడిపించాను. వేడి చేయకుండా మడిస్తే రంగు పగులుతుంది. మన విశాఖలో పగిలిన చోట ఉప్పు గాలి ఎంతసేపు ఆగుతుంది!

ఇంకొక చిన్న విషయం. హైవే మీద 85 దాటితే స్టీరింగ్ వణికేది. స్విఫ్ట్ హబ్, అంటే చక్రం మధ్య రంధ్రంలో కూర్చునే బండి భాగం, 54.1 మిల్లీమీటర్లు, ఈ అల్లాయ్ మధ్య రంధ్రం 73.1. ఆ ఖాళీని పూడ్చే ప్లాస్టిక్ రింగులు షాపువాళ్లు బిగించలేదు. అవి తెప్పించి వేయగానే వణుకు పోయింది.

ఇక రెండేళ్ల వాడకం. మలుపుల్లో పట్టు బాగుంది, అది ఒప్పుకోవాలి. గతుకుల్లో మాత్రం దెబ్బ నడుముకి తగులుతుంది, నాన్న ఇప్పుడు ముందు సీటు వదలడు. మైలేజీ లీటరుకి ఒక కిలోమీటరు పైనే తగ్గింది. టైర్లు బయటికి ఉండడంతో వానాకాలంలో బురదంతా వెనక తలుపుల మీదే. బీచ్ రోడ్డు పక్కన రోజూ పార్కింగ్ వల్ల నట్ల చుట్టూ రిమ్ మీద తెల్లటి పొక్కులు లేచాయి. వారానికోసారి మంచినీళ్లతో కడిగితే నెమ్మదించాయి. మడిచిన అంచుకి లోపల కోటింగ్ వేయించినా, ఈ ఏడాది వానల తర్వాత కుడి వైపు శనగగింజంత తుప్పు చుక్క కనిపించింది. రుద్ది మళ్లీ పూశాను.

మళ్లీ కొనాల్సి వస్తే? 16 అంగుళాలే, కానీ 6.5J, ET45 దగ్గర్లో దొరికేదాకా ఆగుతాను.

పోయిన డిసెంబరులో ఐదుగురం సామానుతో అరకు వెళ్లాం. శృంగవరపుకోటలో టిఫిన్‌కి ఆగినప్పుడు ఎడమ టైరు మీద సుద్ద రుద్దాను. అనంతగిరిలో కాఫీకి దిగి చూస్తే గీత అలాగే ఉంది, పక్కన ఒక చోట మాత్రం గీసుకుంది. అది చిన్నవాడి చెప్పు తగిలినదట, వాడే చెప్పాడు.