గర్భాశయ క్యాన్సర్ తొలి దశ: పొట్ట కోతా, లాపరోస్కోపీనా, రోబోనా?

నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వైద్యానికి చెన్నై వచ్చే కుటుంబాలూ, ఇక్కడే స్థిరపడిన మనవాళ్లూ పదే పదే అడిగే ప్రశ్న ఇది. గర్భాశయాన్నీ, అండాశయాలనూ, అండవాహికలనూ తీసివేయడం మూడు పద్ధతుల్లోనూ ఒకటే కాబట్టి తేడా అంతా లోపలికి వెళ్లే దారిలోనే ఉంది.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, హాంకాంగ్‌లలో 760 మంది మహిళలపై జరిగి 2017లో వెలువడిన లేస్ అధ్యయనంలో, నాలుగున్నరేళ్ల తర్వాత వ్యాధి లేకుండా జీవించి ఉన్నవారు పొట్ట కోత వర్గంలో 81.3 శాతం, లాపరోస్కోపీ (పొట్టపై చిన్న రంధ్రాల ద్వారా కెమెరా సాయంతో చేసే ఆపరేషన్) వర్గంలో 81.6 శాతం. రంధ్రాల ద్వారా చేసే శస్త్రచికిత్సపై 2018లో వచ్చిన ప్రతికూల ఫలితాలను చూపి భయపడేవారు, అవి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు సంబంధించినవని గమనించాలి. గర్భాశయ క్యాన్సర్ వచ్చినవారిలో స్థూలకాయం, మధుమేహం ఎక్కువ; అటువంటివారికి పొడవైన కోత గాయం మానడమే ఒక పరీక్ష. అందుకే నా మొగ్గు లాపరోస్కోపీ వైపు.

అయితే నా దృష్టిలో అసలు తేల్చవలసినది రంధ్రాల సంఖ్య కాదు, గర్భాశయం ముక్కలు కాకుండా యోని మార్గం గుండా పూర్తిగా బయటికి రాగలదా అన్నది. లోపల ముక్కలు చేస్తే క్యాన్సర్ కణాలు పొట్టలో చెదిరే ప్రమాదం ఉండడమే కాక, కణితి కండరంలోకి ఎంత లోతుగా దిగిందో పెథాలజీ వైద్యులు సరిగా కొలవలేరు. తర్వాత రేడియేషన్ కావాలా వద్దా అనే నిర్ణయానికి ఆ కొలత ఒక ముఖ్య ఆధారం. ఫైబ్రాయిడ్లతో గర్భాశయం బాగా పెరిగి ఉంటే, మచ్చ చిన్నదిగా ఉండాలన్న కోరికను పక్కన పెట్టి పొట్ట కోతకే ఒప్పుకోవడం మంచిది.

రోబో కూడా రంధ్రాల ద్వారా చేసే శస్త్రచికిత్సే. బరువు బాగా ఎక్కువగా ఉన్నవారిలో, మధ్యలో పొట్ట కోతకు మారవలసిన అవసరాన్ని అది తగ్గించగలదు. మిగిలినవారికి అదనపు ఖర్చుకు తగిన అదనపు ప్రయోజనం నాకు కనిపించదు. కేవలం యోని మార్గంలో చేసే ఆపరేషన్ మత్తును ఎక్కువసేపు తట్టుకోలేని వృద్ధులకు మాత్రమే.

దారి ఏదైనా సెంటినెల్ గ్రంథుల పరీక్ష చేస్తారా అని సర్జన్‌ను ముందే అడగాలి. ముఖద్వారం దగ్గర ఇండోసయనైన్ గ్రీన్ ఎక్కించి, ఆ రంగు ముందుగా చేరిన లింఫు గ్రంథులనే తీసి చూస్తే, అన్ని గ్రంథులనూ తొలగించినప్పుడు కాళ్లకు వచ్చే శాశ్వత వాపు ముప్పు చాలావరకు తగ్గుతుంది.