లైట్నింగ్ ట్రక్కుకు చవక సూపర్‌ఛార్జర్ అడాప్టర్ కొనేవారికి హెచ్చరిక

ఫోర్డ్ వారి విద్యుత్ పికప్ ట్రక్కు ఎఫ్-150 లైట్నింగ్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారు, కొనబోతున్నవారు ఛార్జింగ్ సామాను ఆర్డరు చేసే ముందు దయచేసి ఇది చదవండి. ఆన్‌లైన్‌లో 80 డాలర్లకు కొన్న ఒక అడాప్టర్ వల్ల నా ట్రక్కు ఛార్జింగ్ పోర్టు కాలింది. దాన్ని మార్పించడానికి దాదాపు 2,000 డాలర్లు నా జేబులోంచే పోయాయి.

నాది 2023 స్టాండర్డ్ రేంజ్ బండి. బ్యాటరీ 98 కిలోవాట్ అవర్లు, అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క ప్రకారం రేంజ్ 240 మైళ్లు. టెక్సాస్ ఎండలో ఏసీ వేసుకుని 75 మైళ్ల వేగంతో నడిపితే ఆ లెక్క నిలవదు. మేము డాలస్ శివారు నుంచి పేర్‌ల్యాండ్ మీనాక్షి ఆలయానికి ఏడాదికి రెండు మూడు సార్లు వెళ్తాము. అది ఒకవైపే సుమారు 250 మైళ్ల దారి కాబట్టి మధ్యలో ఒకసారి ఆగక తప్పదు. ఫోర్డ్ బండ్లకు టెస్లా వారి వేగపు ఛార్జర్లు, అంటే సూపర్‌ఛార్జర్లు, 2024 ఫిబ్రవరి చివరలో అందుబాటులోకి వచ్చాయి. అయితే మన పోర్టు సీసీఎస్ అనే రకం, టెస్లా గన్ (కేబుల్ చివరి ప్లగ్గు) ఎన్‌ఏసీఎస్ అనే వేరే రకం కనుక మధ్యలో అడాప్టర్ ఉండాలి. మొదట్లో ఫోర్డ్ దాన్ని యజమానులకు ఉచితంగానే పంపింది, కానీ నాకు బండి అమ్మినాయన దాన్ని తన దగ్గరే ఉంచుకున్నాడో, పారేసుకున్నాడో, బండితో పాటు నాకు రాలేదు. సెకండ్ హ్యాండ్ బండి చూడటానికి వెళ్లేవారు టైర్లూ గీతలూ చూసే ముందు ఈ అడాప్టర్ గురించి అడగండి.

కంపెనీ అడాప్టర్ 200 డాలర్లు దాటుతోందని, 80 డాలర్లకే దొరికినదాన్ని తెప్పించుకున్నాను. ప్రకటనలో 500 ఆంపియర్లు, 1,000 వోల్టులు అని రాసి ఉంది. విద్యుత్ వస్తువుల భద్రతను పరీక్షించే యూఎల్ సంస్థ ముద్ర బొమ్మ కూడా ఉంది. చేతిలోకి తీసుకుంటే బరువుగా, దిట్టంగానే అనిపించింది. బరువును చూసి నాణ్యతను అంచనా వేయడం నేను చేసిన మొదటి తప్పు. ఇంటి దగ్గరి సూపర్‌ఛార్జర్ వద్ద రెండుసార్లు పది నిమిషాల చొప్పున వాడి చూసి, బాగానే ఉందనుకోవడం రెండోది.

జూలైలో హ్యూస్టన్ వెళ్తూ ఐ-45 హైవే పక్కన ఒక సూపర్‌ఛార్జర్ దగ్గర ఆగాము. బ్యాటరీ 15 శాతానికి దిగింది. మొదట 130 కిలోవాట్ల పైనే అందింది. పన్నెండు నిమిషాల తర్వాత అది ఒక్కసారిగా 40కి పడిపోయి, కాసేపటికి ఛార్జింగ్ ఆగిపోయింది. దిగి చూస్తే ప్లాస్టిక్ కాలిన వాసన వస్తోంది. గన్ వచ్చింది గాని అడాప్టర్ పోర్టులోనే బిగుసుకుపోయింది, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. వెనుక సీట్లో పిల్లలు ఉన్నారని ముందుగా వాళ్లను దింపి దూరంగా నీడలో కూర్చోబెట్టాము. అది చల్లారి ఊడిరావడానికి ముప్పావు గంట పట్టింది. పోర్టు కింది భాగంలోని రెండు పెద్ద డీసీ పిన్నుల్లో ఒకటి గోధుమరంగుకు తిరిగింది, దాని చుట్టూ ప్లాస్టిక్ మెత్తబడి వంగింది.

ఇలా ఎందుకు జరుగుతుందో తర్వాత లెక్క వేసుకుంటే గాని అర్థం కాలేదు. 400 వోల్టుల దగ్గర 140 కిలోవాట్లు అందాలంటే 350 ఆంపియర్లు ప్రవహించాలి. పిన్ను సరిగ్గా పట్టుకోక కేవలం ఒక మిల్లీ ఓమ్ నిరోధం ఉన్నా, ఆ ఒక్క చోట 120 వాట్లకు పైగా వేడి పుడుతుంది. టంకం పెట్టే ఇనుప పుల్ల ఒకటి పోర్టులో పెట్టి మరిచిపోయినట్టే. బండి పోర్టులో ఉష్ణోగ్రత సెన్సరు ఉంటుంది, టెస్లా గన్‌లోనూ ఉంటుంది, కానీ వేడి అడాప్టర్ మధ్యలో పుడితే ఆ రెండింటికీ తెలిసేసరికి ఆలస్యం అవుతుంది. అందుకే మంచి అడాప్టర్లలో లోపలే ఉష్ణోగ్రతను గమనించి ఛార్జింగ్‌ను ఆపే ఏర్పాటు ఉంటుంది. నాదాన్ని తర్వాత విప్పి చూస్తే అలాంటిదేమీ లేదు.

డీలరు మర్యాదగానే మాట్లాడాడు గాని బయటి వస్తువు వల్ల జరిగిన నష్టం వారంటీ కిందికి రాదన్నాడు. ఇక్కడ చట్టం మనం అనుకున్నంత మనకు అనుకూలంగా ఉండదు. బయటి సామాను వాడినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయకూడదని 1975 నాటి మాగ్నుసన్-మాస్ చట్టం చెబుతుంది, నిజమే. కానీ ఆ సామానే నష్టానికి కారణమని తేలినప్పుడు ఆ మరమ్మతు ఖర్చు ఇవ్వనక్కర లేదు. నా విషయంలో కాలిన గుర్తులు రెండు వస్తువుల మీదా ఒకే చోట ఉన్నాయి. వాదించడానికి ఏమీ మిగలలేదు.

అమ్మినవారికి ఫొటోలు పంపితే, నేను వాడిన తీరు సరికాదని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. రెండు వారాల్లో ఆ ప్రకటన మాయమై, అదే బొమ్మతో వేరే పేరు మీద మళ్లీ కనిపించింది. అప్పుడు గాని అడాప్టర్ మీది యూఎల్ ఫైలు నంబరును వెతకాలని నాకు తోచలేదు. 'ఇ' అక్షరంతో మొదలయ్యే ఆ నంబరును యూఎల్ వారి ప్రొడక్ట్ ఐక్యూ సైట్‌లో ఉచితంగా రిజిస్టరు చేసుకుని ఎవరైనా చూడవచ్చు. నాది అడాప్టర్లతో సంబంధమే లేని, గోడ ప్లగ్గు వైర్లు చేసే మరో సంస్థ నంబరు అని తేలింది. కొనేముందు అయిదు నిమిషాలు వెచ్చిస్తే తెలిసేది. విద్యుత్ వాహనాల అడాప్టర్లకు వర్తించే ప్రమాణం యూఎల్ 2252. ఆ ప్రమాణం నంబరు స్పష్టంగా ఉందా, ఫైలు ఆ తయారీదారుదేనా అన్న రెండూ చూడండి. అమ్మేవారు ఫైలు నంబరు చెప్పడానికి తటపటాయిస్తే అక్కడే ఆగండి.

కంపెనీ వస్తువైనంత మాత్రాన నిశ్చింతగా ఉండవచ్చని కూడా నేను అనను. తాను పంపిన అడాప్టర్లలో కొన్నింటిని వాడవద్దని 2024 అక్టోబరులో ఫోర్డ్ స్వయంగా యజమానులకు తెలిపి, వేరేవి ఇచ్చింది. ఆ కాలం నాటి అడాప్టర్ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే, అది మార్చినదో కాదో డీలరును అడిగాకే వాడండి. టెస్లా గన్‌కు సరిపోయే చిన్న అడాప్టర్లు కొన్ని ఇంటి ఛార్జర్లకు, హోటళ్లలోని నెమ్మది ఛార్జర్లకు మాత్రమే పనికివస్తాయి. చూడటానికి ఒకేలా ఉన్నా అవి సూపర్‌ఛార్జర్ దగ్గర పనిచేయవు. పాత వీ2 (రెండో తరం) సూపర్‌ఛార్జర్లు అసలు మన బండికి పనికిరావు, యాప్‌లో చూసుకుని బయలుదేరండి.

లైట్నింగ్ పోర్టు ఎడమవైపు ముందు చక్రం దగ్గర ఉంటుంది, సూపర్‌ఛార్జర్ కేబుల్ పొట్టిది. అందుకని ఎక్స్‌టెన్షన్ కేబుల్ అమ్ముతామని అదే దుకాణంవారు నాకు ఈమెయిల్ పంపారు. 350 ఆంపియర్ల దారిలో మరో రెండు జాయింట్లు పెట్టే సాహసం ఎవరూ చేయవద్దు. కేబుల్ అందేలా పక్క స్థలాన్ని అడ్డగించి నిలిపినందుకు ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఇంట్లో ఛార్జింగ్ కోసం 14-50 రకం (240 వోల్టుల) ప్లగ్గు పెట్టించుకునేవారు పది డాలర్ల సాకెట్టు వద్దని ఎలక్ట్రీషియన్‌కు ముందే చెప్పండి, 50 ఆంపియర్ల సర్క్యూట్ మీద ఛార్జరును 40 దాటనివ్వకండి. బెడ్ కవర్లు, మ్యాట్ల లాంటి కరెంటుతో పని లేనివి చవకవి కొన్నా మహా అయితే చినుగుతాయి, వెలిసిపోతాయి. బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ల సంగతి వేరు: లైట్నింగ్ వెనుక సస్పెన్షన్ పెట్రోల్ ఎఫ్-150 లాంటిది కాదు కాబట్టి, దానికి చేసిన కిట్ దీనికి సరిపోదు.

క్రెడిట్ కార్డు కంపెనీ నా 80 డాలర్లు తిరిగి ఇప్పించింది, పోర్టు ఖర్చుకు మాత్రం దారి దొరకలేదు. వినియోగ వస్తువుల భద్రతను చూసే ఫెడరల్ కమిషన్ వారి సేఫర్ ప్రొడక్ట్స్ సైట్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. కాలిన అడాప్టర్‌ను, దాని మీది లేబులుతో సహా, ఎవరైనా అడిగితే చూపించడానికి గరాజ్‌లో ఒక డబ్బాలో పెట్టి ఉంచాను.