హైదరాబాద్‌లో చవగ్గా బీరు, వైన్: ఆ ‘కూలింగ్ పది’ ఎందుకివ్వాలి?

సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగితే మొదటి దెబ్బ రూమ్ బాయ్ దగ్గరే తగులుతుంది. ‘నేను తెస్తా సార్’ అంటాడు, సీసాకు నలభై, యాభై వేసుకుంటాడు. వైన్స్ షాపు వీధి చివరే ఉంటుంది, దిగి వెళ్లండి. సిటీలో ఉదయం 10 నుంచి రాత్రి 11 దాకా తెరిచి ఉంటుంది. 21 ఏళ్లు నిండాలి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2న బంద్.

అసలు ఒళ్లు మండేది కౌంటర్ దగ్గర. 2025 ఫిబ్రవరిలో బీరు ధర 15 శాతం పెరిగాక 150 రూపాయల లైట్ సీసా 180 దగ్గరకు వచ్చింది. లేబుల్ మీద 180 ఉంటే 190 అడుగుతారు. ఎందుకంటే ‘కూలింగ్‌కి పది అన్నా’ అంటారు. ఎమ్మార్పీ అంటేనే అంతకు మించి పైసా తీసుకోకూడదని. చల్లగా ఉన్నా, వేడిగా ఉన్నా అదే ధర. నలుగురు రెండేసి తాగితే 80 రూపాయలు, అంటే ఒక ప్లేటు స్టఫ్ డబ్బులు. మనం అడగబోతే పక్కనున్న మనవాళ్లే ‘పదికోసం ఏం లొల్లి, పదరా’ అని చెయ్యి పట్టి లాగుతారు. ఈ వసూలు నడిచేదే ఆ మొహమాటం మీద. ధర చదివి, సరిగ్గా అంతే యూపీఐలో కొట్టండి. ఒప్పుకోకపోతే లేబుల్ ఫొటో తీసి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

ఆ గొడవ వద్దనుకుంటే చల్లగా లేని సీసాలే తెచ్చుకోండి. బకెట్‌లో ఐసు వేసి, సీసా మెడ దాకా నీళ్లు పోసి, రెండు గుప్పెళ్ల కల్లుప్పు కలపండి. ఇరవై నిమిషాల్లో సీసా చేత్తో పట్టుకోలేనంత చల్లబడుతుంది. ఉత్త ఐసు సీసాకు అక్కడక్కడే తగులుతుంది, నీళ్లు చుట్టూ పట్టేస్తాయి. ఉప్పు ఆ నీళ్లను సున్నా డిగ్రీల కిందకు దించుతుంది. డీప్ ఫ్రిజ్‌లో పెట్టి మరిచిపోతే మాత్రం సీసా పగులుతుంది.

బీరులో బ్రాండ్ కన్నా తయారీ తేదీ ముఖ్యం. నెలా రెండు నెలల లోపుది అడిగి తీసుకోండి. ఎండలో కేసులు పేర్చిన షాపులో పాత సరుకు తడిసిన అట్టపెట్టె వాసన కొడుతుంది. వెలుతురు తగిలితే ఆకుపచ్చ సీసా ముదురు గోధుమ రంగు సీసా కన్నా త్వరగా కంపు పడుతుంది. డబ్బా అయితే ఆ బాధ లేదు. ఇక లెక్క చూడండి: 650 ఎంఎల్ సీసాలో 5 శాతం లైట్ అయితే ఆల్కహాల్ 32.5 ఎంఎల్, 7.5 శాతం స్ట్రాంగ్ అయితే దాదాపు 49. ఒక స్ట్రాంగ్ ఒకటిన్నర లైట్‌తో సమానం. డబ్బు తక్కువుంటే ఒక స్ట్రాంగ్ ఇద్దరు పంచుకోవడం మేలు. ఏప్రిల్ ఎండలో మాత్రం లైటే తాగండి. స్ట్రాంగ్ గ్లాసులో కాస్త వేడెక్కిందంటే గొంతు దిగదు.

‘వైన్స్’ అని బోర్డున్నా చాలా చోట్ల వైన్‌కు ఇచ్చేది ఒక మూల అరే. అక్కడ చవగ్గా దొరికేది గోల్కొండ రూబీ లాంటి తీపి రకం. తీపి ఇష్టమైనవాళ్లకు చల్లగా బాగుంటుంది, భోజనంతో మాత్రం వెగటు. ఇంకొంచెం పెట్టగలిగితే నాసిక్‌లో చేసే చెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్ తీసుకోండి. చల్లటి చెనిన్‌తో ఘాటైన బిర్యానీ ఒకసారి తిని చూడండి, ఆ లేత తీపి, పులుపు కలిసి కారాన్ని ఎంత చక్కగా సర్దుతాయో! అదే వగరు రెడ్ అయితే నాలుక ఇంకా మండుతుంది. ఫుల్ బాటిల్ భయమైతే 375 ఎంఎల్ హాఫ్ ఉందేమో అడగండి. తిప్పే మూతది మంచిది. కార్క్ పైకి పొడుచుకొచ్చినా, మెడ మీద జిగట మరక ఉన్నా సీసా వేడికి ఉడికిపోయిందని గుర్తు, వదిలేయండి. వైట్ అయితే లేబుల్ మీద సంవత్సరం ఎంత కొత్తదైతే అంత నయం. రెడ్‌ను మన ఎండల్లో అరగంట ఫ్రిజ్‌లో పెట్టాకే తెరవాలి. మిగిలితే మూత బిగించి ఫ్రిజ్‌లో ఉంచి మూడు రోజుల్లో తాగేయాలి.

వైన్స్ పక్కనే కూర్చుని తాగే పర్మిట్ రూమ్ చవకే, కుటుంబంతో కూర్చునే చోటు కాదు. జూబ్లీహిల్స్, గచ్చిబౌలి బార్లకు వెళ్తే బిల్లు వరుస వరుస చదవండి. మద్యం మీద జీఎస్టీ లేదు, అది తిండికే పడాలి. మొత్తం మీద వేశారంటే తప్పు బిల్లు. సర్వీస్ చార్జి కట్టడం మన ఇష్టం, 2022 నాటి కేంద్ర మార్గదర్శకాలే ఆ మాట చెబుతున్నాయి. తీసేయమని కార్డు ఇవ్వకముందే అడగండి, మేనేజర్ కొత్త బిల్లు కొట్టి ఇస్తాడు.