గ్రాండ్ కాన్యన్‌లో ఐదు రోజులు రాళ్ళు మోశాం, ముందు రాత్రి మోటెల్‌లో మోసపోయాం

గ్రాండ్ కాన్యన్‌లో కాలిబాట బాగుచేసే వాలంటీర్ పనికి నేనూ మా ఆయనా వెళ్ళొచ్చాం. ముందు మోటెల్ సంగతి చెప్పేస్తాను, లేకపోతే నా మనసు ఊరుకోదు. సౌత్ రిమ్‌కి, అంటే ఆ లోయ దక్షిణపు అంచుకి, గంట దూరంలో ఉన్న విలియమ్స్ ఊళ్ళో ఒక రాత్రికి గది తీసుకున్నాం. పేరు రాయను. యాప్‌లో చూపించింది 189 డాలర్లు. కౌంటర్ దగ్గరికి వెళ్ళాక సౌకర్యాల ఫీజు అని 28.50, ఆపైన పన్ను, మొత్తం 243.60 అయింది. ఏం సౌకర్యాలండీ అంటే స్విమ్మింగ్ పూల్ అన్నాడు. అక్టోబరు కదా, అది మూసేసి ఉంది. గదిలో హీటర్ పెద్దగా చప్పుడు చేస్తూ చల్లగాలే వదిలింది. ఆ ఊరు దాదాపు 6,800 అడుగుల ఎత్తులో ఉంటుంది, రాత్రయ్యేసరికి బయట నీళ్ళు గడ్డకట్టే చలి. రెండుసార్లు కిందికి దిగి అడిగితే ఒక పల్చటి దుప్పటి చేతిలో పెట్టాడు. డబ్బు వెనక్కి ఇమ్మంటే యాప్ వాళ్ళని అడగమన్నాడు. వాళ్ళకి ఫోన్ చేస్తే 45 నిమిషాలు లైన్లో ఉంచి, మోటెల్ వాళ్ళనే అడగమన్నారు. టిఫిన్ ఆరింటికని గోడ మీద రాసి ఉంది, ఆరుంబావుకి కూడా తలుపుకి తాళమే. మేం ఏడున్నరకల్లా పార్కులో ఉండాలి. ఆకలితోనే బయల్దేరాం. మా ఆయన దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. ఈ ట్రిప్‌కి పేర్లు ఇచ్చింది నేను, ఆ కోపం ఎవరి మీదో నాకు తెలుసు.

మేం వెళ్ళింది పైనుంచి లోయలోకి దిగే బ్రైట్ ఏంజెల్ ట్రెయిల్ మీద మెట్లూ నీటి కాలువలూ బాగుచేసే వాలంటీర్ పనికి. అరిజోనాలోనే చాండ్లర్‌లో పన్నెండేళ్ళుగా ఉంటున్నాం. ఇండియా నుంచి చుట్టాలు వచ్చినప్పుడల్లా అక్కడికి తీసుకెళ్ళడం, పైనుంచి ఫోటోలు దిగి సాయంత్రానికి తిరిగొచ్చేయడం, ఇలా ఏడుసార్లు అయింది. నాది జమ్మలమడుగు. చిన్నప్పుడు గండికోట వెళ్తే పెన్నా లోయ అంచు దగ్గరికి కూడా పోనిచ్చేవాళ్ళు కాదు మా నాన్న, జబ్బ పట్టుకునే ఉండేవారు. అలాంటి లోయలోకి ఒక్కసారైనా దిగాలని అప్పటి నుంచీ ఉంది.

మనిషికి 295 డాలర్లు కట్టాం. పని మనం చేసి డబ్బు కూడా మనమే కట్టడమేంటమ్మా అని మా అత్తయ్య ఫోన్‌లో గట్టిగానే అడిగారు. ఐదు రోజులు మూడు పూటలా తిండి, క్యాంపులో చోటు, పనిముట్లు, నేర్పే మనిషి, అన్నీ అందులోనే. రోజుకి 59 డాలర్లు పడింది. ఆ మోటెల్ రాత్రితో పోల్చుకోండి. పార్కు ఎంట్రీ మాకు బండికి 35 పడింది, అది ఏడు రోజులు చెల్లుతుంది. చేతి తొడుగులు మాత్రం సొంతంగా కొనుక్కోండి, వాళ్ళిచ్చేవి ఆడవాళ్ళ చేతులకి పెద్దవైపోతాయి. నేను తోలువి 24 డాలర్లు పెట్టి కొన్నాను, మొదటి రోజే అరచేతుల మీద అరిగిపోయాయి.

ఇక పని. పొద్దున్నే గడ్డపారలు, పలుగులు, సమ్మెటలు, బకెట్లు భుజాన వేసుకుని దిగేవాళ్ళం, సాయంత్రం వాటితోనే ఎక్కాలి. మాకిచ్చిన చోటు మొదటి సొరంగం దాటాక, మైలున్నర దగ్గరి విశ్రాంతి గుడిసెకి పైన. ఆ దారిన మనుషులతో పాటు కంచరగాడిదలు నడుస్తాయి, వాటి నాడాలకి రాళ్ళు కదులుతాయి, మట్టి పొడైపోతుంది. వేసవి వానలు ఒక్కసారిగా కురిసి ఆ వదులు మట్టినంతా ఊడ్చుకుపోతాయి. నీళ్ళు దారి వెంబడే పారితే దారే వాగు అవుతుంది. అందుకని దారికి అడ్డంగా, కొంచెం ఏటవాలుగా రాళ్ళు పాతి, వచ్చిన నీటిని లోయవైపు మళ్ళిస్తారు. చెరువు కింద మడికి నీళ్ళు మళ్ళించే తూరలాంటిదే, కాకపోతే ఇక్కడ నీళ్ళు వదిలించుకోవడానికి.

మొదటి రోజంతా నలుగురం కలిసి వేసింది ఒక్క మెట్టు. నమ్మండి, ఒక్కటే. రాయిని గడ్డపారలతో అంగుళం అంగుళం జరపాలి, దాని కొలతకి గుంట తవ్వాలి, ఎక్కువ భాగం నేలలోకే పోవాలి, పైకి కనిపించేది కొంచెమే. పెట్టాక నాలుగు మూలలా ఎక్కి తొక్కి చూస్తారు. రవ్వంత ఊగినా మళ్ళీ తీయడమే. మాది మూడుసార్లు తీయించాడు లీడర్ కుర్రాడు. పాతికేళ్ళుంటాయేమో, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. కింద చిన్న రాళ్ళు ఎక్కడ దూర్చాలో, రెండు రాళ్ళ అతుకు పై వరసలో అతుకుతో ఎందుకు కలవకూడదో తనే పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చూపించాడు. కడప బండల మధ్య పెరిగాను, గోడలు కట్టేవాళ్ళని చిన్నప్పటి నుంచి చూశాను, వాళ్ళకెంత తెలుసో నాకు ఆ రోజు అర్థమైంది.

రెండో రోజు మామూలుగానే గడిచింది. ఆ రాత్రి చలిమంట దగ్గర లీడర్ ఆ దారి కథ చెప్పాడు. మొదట అది ఆ లోయలో ఉండే హవసుపాయి అనే ఆదివాసీ ప్రజల కాలిబాట. 1900ల మొదట్లో రాల్ఫ్ కామెరాన్ అనే ఆయన దాన్ని తన గుప్పిట్లో పెట్టుకుని దిగేవాళ్ళ దగ్గర తలకి డాలరు వసూలు చేశాడు. ఆ బాధ పడలేకే పార్కు వాళ్ళు 1924–25లో సౌత్ కైబాబ్ దారి వేరేగా వేసుకున్నారు. 1928లో గానీ బ్రైట్ ఏంజెల్ దారి పార్కు చేతికి రాలేదు. అదే 1928లో కింద తోటల దగ్గర మిగిలిన హవసుపాయి వాళ్ళని కూడా పంపేశారట, ఆ చోటికి హవసుపాయి గార్డెన్స్ అని పేరు పెట్టడానికి 2022 దాకా పట్టింది. డాలరు సంగతి రాగానే మా ఆయన నా వైపు తిరిగి "సౌకర్యాల ఫీజు" అన్నాడు. బయల్దేరాక ఆయన నవ్వడం అదే మొదలు.

మూడో రోజు టిఫిన్ గురించి చెప్పకపోతే పాపం. మా జట్టులో అరవై దాటిన నవాహో ఆదివాసీ ఆవిడ ఒకరు ఉన్నారు. చీకటితోనే లేచి నీలం మొక్కజొన్న పిండిని మరుగుతున్న నీళ్ళలో పోసి, జునిపర్ చెట్టు ఆకు కాల్చిన బూడిద చెంచాడు కలిపి, పుల్లల కట్టతో గెలుకుతున్నారు. బూడిద ఎందుకంటే కాల్షియం అన్నారు. రంగు, చిక్కదనం, ఆ గెలికే తీరు అంతా అచ్చం మా అవ్వ చేసే రాగి సంగటి. నా సంచిలో గోంగూర పచ్చడి సీసా ఉంది, తీసి అందరికీ వేశాను. ఆవిడ రెండోసారి అడిగి వేయించుకున్నారు. చలికి చేతులు కొంకర్లు పోతుంటే ఆ వేడి గిన్నె పట్టుకుని తిన్న తిండి, ఈ దేశంలో ఏ హోటల్లోనూ తినలేదు.

ఆ రోజే పదకొండున్నరకి ఒక తెలుగు కుటుంబం దిగుతూ కనిపించింది. పెద్దాయన చెప్పులతో ఉన్నారు, ఐదుగురికీ కలిపి ఒక్క నీళ్ళ సీసా. "ఏమ్మా, ఇక్కడ కూలి పని దొరుకుతుందా?" అని నిజంగానే అడిగారు. డబ్బు తీసుకోవడం లేదండీ అని చెప్పి, దిగడానికి ఎంతసేపు పడుతుందో ఎక్కడానికి దానికి రెట్టింపు పడుతుందని, ఇక్కడి నుంచే వెనక్కి తిరగమని బతిమాలాను. ఆంటీ విన్నారు, ఆయన వినలేదు. నాలుగింటికి మేం ఎక్కుతుంటే మలుపులో కూర్చుని ఉన్నారు, కాళ్ళు వణుకుతున్నాయి. మా ఆయన తన సీసా ఇచ్చి, చేయి పట్టుకుని పైదాకా నడిపించాడు. దయచేసి మీ అమ్మానాన్నలని తీసుకెళ్తే షూస్ వేయించండి, పొద్దున్నే దింపండి, సరిపడా నీళ్ళు మోయండి.

ఆఖరి రోజుకి మా నలుగురివీ మొత్తం ఏడు మెట్లు, రెండు కాలువలు. మధ్యాహ్నం కంచరగాడిదల వరస వచ్చింది, మేం రూలు ప్రకారం కొండవైపుకి ఒదిగి కదలకుండా నిలబడ్డాం. ఒక్కొక్కటీ మా మెట్ల మీద కాలు మోపుతుంటే మా ఆయన లెక్కపెడుతున్నాడు. ఒక్క రాయి కూడా కదల్లేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళు ముందు రాత్రికి పార్కు క్యాంప్‌గ్రౌండ్‌లోనే టెంట్ బుక్ చేసుకోండి, మోటెల్ తప్పదంటే యాప్ వద్దు, నేరుగా ఫోన్ చేసి మొత్తం ఎంతో మెయిల్‌లో రాయించుకోండి. ఇలాంటి పని 250 గంటలు చేస్తే పార్కుల ఏడాది పాస్ ఉచితంగా ఇస్తారు, మాకు చెరో నలభై గంటలు అయ్యాయి. పెట్రోలు రానూపోనూ 68 డాలర్లు. మోటెల్ వాళ్ళు మూడు వారాల తర్వాత ఆ 28.50 మాత్రం వెనక్కి వేశారు, హీటర్ గురించి రాసిన మెయిల్‌కి జవాబు లేదు. మార్చి ట్రిప్‌కి మళ్ళీ పేర్లు ఇచ్చాం, ఈసారి ఫారం నింపింది మా ఆయన.