పిల్లలతో వేసవంతా ఇండియాలో: ఏళ్లుగా వాడాక ఏది పనికొచ్చింది, ఏది మూలన పడింది

మేం డాలస్‌లో ఉంటాం. పెద్దమ్మాయి చంటిపిల్లగా ఉన్నప్పటి నుంచి దాదాపు ప్రతి వేసవికీ పిల్లల్ని తీసుకుని ఇండియా వెళ్తున్నాను. హైదరాబాద్‌లో అత్తవారిల్లు, తెనాలిలో పుట్టిల్లు. స్కూళ్లు మూసినప్పటి నుంచి మళ్లీ తెరిచేదాకా, అంటే రెండు నెలల పైనే అక్కడ ఉంటాం. ఇన్నేళ్లలో కొన్న సామాను, వేయించిన టీకాలు, సర్దిన మందుల డబ్బా గురించి నా అనుభవం రాస్తున్నాను. మొదటిసారి బయల్దేరుతున్న తల్లిదండ్రులకు ఒక్క మాట ముందే చెప్పేస్తాను. పిల్లలతో ప్రయాణం పేరు చెప్పి మనకు అమ్మేవన్నీ విమానంలో గడిచే ఆ ఒక్కరోజు కోసమే. మీ డబ్బూ ఓపికా ఆ తర్వాత వచ్చే పది వారాల కోసం దాచుకోండి.

సామానులో నేను అన్నిటికంటే ఎక్కువ మార్కులు వేసేది కారు సీటుకి, అంటే కారులో పిల్లల్ని కూర్చోబెట్టి కట్టే విడి కుర్చీకి. ఇంట్లో రోజూ వాడే బరువైన సీటు వదిలేసి, ఐదు కిలోల లోపుండే చవక రకం ఒకటి ప్రయాణానికి విడిగా కొన్నాం. కొనేటప్పుడు పక్కన అతికించిన స్టిక్కరు చదవండి. విమానంలో కూడా వాడొచ్చని ఎర్రక్షరాల్లో రాసి ఉంటేనే, పిల్లకి టికెట్టు కొన్న సీట్లో దాన్ని కట్టనిస్తారు. ఇంట్లో అలవాటైన సీటు లాంటిదే కాబట్టి మా పిల్లలు విమానంలో నిద్రపోయింది ఇందులోనే.

అసలు పని హైదరాబాద్‌లో దిగాక మొదలవుతుంది. అమెరికా కార్లలో వెనక బెల్టు చివరిదాకా లాగి వదిలితే టకటకమంటూ లోపలికి వెళ్లి లాక్ అవుతుంది. ఇండియాలో మేం ఎక్కిన కార్లలో చాలావాటికి ఆ ఏర్పాటు లేదు. గట్టిగా బ్రేకు పడితేనే బెల్టు పట్టుకుంటుంది, మిగతా సమయమంతా వదులుగానే ఉంటుంది, మలుపు తిరిగినప్పుడల్లా సీటు పక్కకి ఒరుగుతుంది. దీనికి లాకింగ్ క్లిప్ అని హెచ్ అక్షరం ఆకారంలో చిన్న ఇనప బిళ్ల దొరుకుతుంది. ముందు బెల్టు పెట్టి, సీటు మీద మోకాలు ఆనించి బాగా బిగించాలి. బకిల్ దగ్గర నడుం బెల్టు, భుజం బెల్టు రెండూ కలిపి వేళ్లతో నొక్కి పట్టుకోవాలి. అలాగే పట్టుకుని బకిల్ ఊడదీసి, దానికి అంగుళం దూరంలోపే రెండు పట్టీలనూ క్లిప్పులోకి దూర్చి, మళ్లీ బకిల్ పెట్టాలి. బెల్టు దూరే చోట సీటుని పట్టుకుని ఊపితే అంగుళం మించి కదలకూడదు. కొన్ని సీట్లకి ఈ లాక్ సీటులోనే ఉంటుంది, అలాంటిది దొరికితే కళ్లు మూసుకుని కొనండి. ఇంకోటి, అద్దె కారు మాట్లాడుకునేటప్పుడే వెనక బెల్టు బకిళ్లు సీటు కవర్ల కింద ఉంటే బయటికి తీసి ఉంచమని డ్రైవరుకి చెప్పాలి. రాత్రి రెండింటికి ఎయిర్‌పోర్టు బయట నిలబడి, ఏడుస్తున్న పిల్లల్ని పక్కన పెట్టుకుని సీటు కవరు కింద చెయ్యి పెట్టి వెతకడం చాలా కష్టం.

మొదట్లో మా మామయ్యగారు, "ఒళ్లో కూర్చోబెట్టుకుంటే పోయేదానికి ఇదంతా ఎందుకమ్మా" అనేవారు. శంషాబాద్ నుంచి తెనాలికి ఐదారు గంటల రోడ్డు. మనవరాలు ఔటర్ రింగ్ రోడ్డు దిగకముందే అందులో నిద్రపోయి, టిఫిన్‌కి సూర్యాపేటలో ఆపేదాకా లేవకపోవడం చూశాక ఆయనే మారారు. ఇప్పుడు పెట్టెలు ఎక్కించకముందే, ముందు పిల్లల సీటు కట్టండి అంటారు.

స్ట్రోలరు సంగతి వేరు. దోహాలోనో దుబాయ్‌లోనో విమానం మారేటప్పుడు అది లేకపోతే నడుం పడిపోతుంది. ఒంటిచేత్తో మడిచి సీటు పైన అరలో పెట్టుకునేంత చిన్నదైతే మరీ మంచిది. తెనాలి చేరాక దానికి పనే ఉండదు. ఫుట్‌పాత్ ఉన్నచోట బళ్లు నిలిపి ఉంటాయి, బళ్లు లేనిచోట కాలవ మీద రాళ్లు లేచి ఉంటాయి. కాబట్టి ఖరీదైనది వద్దు. ఒంటికి కట్టుకునే బేబీ క్యారియర్ మాత్రం మూడేళ్లు వచ్చేదాకా గుడి మెట్ల మీద, రైల్వే స్టేషన్లో, పెళ్లిళ్లలో అన్నిచోట్లా పనికొచ్చింది. వలగుడ్డతో చేసిందే తీసుకోండి. మే, జూన్ ఎండల్లో మందంగుడ్డ క్యారియర్‌లో పిల్ల వీపు చెమటకి పేలిపోతుంది.

విమానంలో ముందు గోడకి తగిలించే చంటిపిల్లల తొట్టి, అదే బేసినెట్ గురించి అందరూ అడుగుతారు. చాలా విమానయాన సంస్థలు బిడ్డ బరువుకి పది, పదకొండు కిలోల దగ్గర గీత గీస్తాయి. విమానం కుదుపులకు లోనైన ప్రతిసారీ నిద్రలో ఉన్న బిడ్డని పైకి తీయమంటారు. ఆరు నెలల లోపు పిల్లలకి బాగుంటుంది, తర్వాత అంత కాదు. ఒళ్లో కూర్చునే చంటిపిల్లకి టికెట్టు సాధారణంగా పెద్దల ఛార్జీలో పదో వంతు చుట్టూ ఉంటుంది. ఇండియాలో ఉండగా రెండేళ్లు నిండితే తిరుగు ప్రయాణానికి విడి సీటు కొనాల్సిందే, బుక్ చేసేటప్పుడే ఆ లెక్క వేసుకోండి. బొమ్మలు, స్టిక్కర్ పుస్తకాలు ఎవరికి తోచినవి వాళ్లు తెచ్చుకుంటారు, వాటి గురించి నేను చెప్పేదేం లేదు.

టీకాల విషయంలో మాత్రం నాలుగు మాటలు ఎక్కువ రాస్తాను. అమెరికాలో పిల్లలకి మామూలుగా వేసే జాబితాలో టైఫాయిడ్ లేదు. ఇక్కడి ఇంజెక్షన్ రెండేళ్లు నిండినవాళ్లకే, అదీ బయల్దేరడానికి కనీసం రెండు వారాల ముందు పడాలి, రెండేళ్లకోసారి మళ్లీ వేయించాలి. రెండేళ్ల లోపు పిల్లలకి దారి ఇండియాలోనే ఉంది. హైదరాబాద్ భారత్ బయోటెక్ చేసే టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఆరు నెలలు దాటినవాళ్లకి వేయొచ్చు. మా వాడికి వెళ్లిన వారంలోనే వేయించాం. తట్టుకి ఎంఎంఆర్ మామూలుగా ఏడాది నిండాకే వేస్తారు, కానీ విదేశానికి వెళ్తుంటే ఆరు నుంచి పదకొండు నెలల పిల్లలకి ఒక డోసు ముందే వేస్తారు. అది లెక్కలోకి రాదు, ఏడాది తర్వాత మామూలు రెండు డోసులూ మళ్లీ పడాలి. హెపటైటిస్-ఎ కూడా అంతే. ఇవన్నీ కుదరాలంటే ప్రయాణానికి రెండు నెలల ముందే పిల్లల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. మలేరియా మాత్రలు వాడాలా వద్దా అనేది మీరు ఏ ఊరు వెళ్తున్నారో చెప్పి అప్పుడే అడగండి. వాటిలో ఒక రకం బయల్దేరడానికి రెండు వారాల ముందే మొదలుపెట్టాలి, కాబట్టి చివరి వారంలో అడిగితే ఆలస్యమైపోతుంది.

కుక్కల సంగతి చాలామంది మర్చిపోతారు. డాలస్‌లో పెరిగిన పిల్లకి కుక్కపిల్ల కనిపిస్తే వెళ్లి ముట్టుకోవడమే తెలుసు. మా అమ్మాయికి వెళ్లే నెల ముందు నుంచే చెప్తాను: వీధికుక్క దగ్గరికి వెళ్లొద్దు, గీరినా నాకినా నాకు చెప్పాలి, నేను తిట్టను. ఆ చివరి మాట ముఖ్యం. కరిస్తే పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు రేబీస్ టీకాకి వెళ్లాలి. పసుపూ కారమూ పెట్టే పని ఎవ్వర్నీ చేయనివ్వకండి.

ఇక మందుల డబ్బా. ఇందులో నేను అందరికీ చూపించేది డబ్బా మూతకి లోపల అంటించిన ఒక కాగితం. జ్వరం మందు పారాసిటమాల్ (అమెరికాలో దాన్నే అసెటమినోఫెన్ అంటారు) ఇక్కడి పిల్లల సీసాలో 5 మి.లీ.కి 160 మి.గ్రా. ఉంటుంది. ఇండియాలో పారాసిటమాల్ సిరప్ 5 మి.లీ.కి 120 మి.గ్రా. రకం ఉంది, 250 మి.గ్రా. రకం ఉంది. చంటిపిల్లల చుక్కల మందులో అయితే ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. మా వాడికి డాక్టరు చెప్పిన డోసు 160 మి.గ్రా. అది మొదటిదాంట్లో 5 మి.లీ., రెండోదాంట్లో సుమారు 6.7, మూడోదాంట్లో 3.2, చుక్కల్లో 1.6. అర్ధరాత్రి జ్వరంతో పిల్లాడు మండిపోతుంటే, నానమ్మ పక్కింటి నుంచి తెచ్చిన చుక్కల సీసాలోంచి అలవాటు ప్రకారం 5 మి.లీ. పోస్తే మూడు రెట్లు మందు పడిపోతుంది. మీ పిల్లల బరువుకి ఎంతో డాక్టర్నడిగి, ఈ నాలుగు అంకెలూ రాసి అంటించండి. సూదిలేని సిరంజి ఒకటి అందులోనే ఉంచండి. ఇంకో విషయం, అమెరికాలో జ్వరానికి ఐబుప్రోఫెన్ ఇచ్చేయడం మనకి అలవాటు. వానాకాలంలో ఇండియాలో జ్వరమొస్తే అది డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రోఫెన్ ముట్టుకోకూడదు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. పారాసిటమాల్ ఒక్కటే.

విరేచనాలకి ఓఆర్‌ఎస్ పొట్లాలు అక్కడే మందుల షాపులో కొనండి, ఇక్కడి నుంచి మోయక్కర్లేదు. లీటరు నీళ్లకి సరిపడే పెద్ద పొట్లం, 200 మి.లీ.కి సరిపడే చిన్నది దొరుకుతాయి. పిల్లలున్న ఇంట్లో చిన్నవే మేలు, ఎందుకంటే కలిపినది ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోయాలి. పొట్లం మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని చక్కెర నిండిన పానీయాలు అట్టపెట్టెల్లో ఏళ్లపాటు అమ్మారు. ఎక్కువ చక్కెర విరేచనాలను ఇంకా పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఇండియా ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఒక తల్లిగా ఆవిడకి నేను ఎంతో రుణపడి ఉన్నాను. ఓఆర్‌ఎస్‌తో పాటు జింక్ కూడా పది, పద్నాలుగు రోజులు ఇస్తారు. విరేచనాలు ఆగాయని మధ్యలో మానేయకండి.

కాగితాల పని విసుగే, కానీ మూడు నాలుగు నెలల ముందు మొదలుపెట్టాలి. పదహారేళ్ల లోపు పిల్లల అమెరికా పాస్‌పోర్టు ఐదేళ్లే చెల్లుతుంది. కొత్తదానికి తల్లీతండ్రీ ఇద్దరూ పిల్లని తీసుకుని వెళ్లాలి, ఒకరు రాలేకపోతే వాళ్లు ఒప్పుకున్నట్టు నోటరీ చేసిన డీఎస్-3053 ఫారం కావాలి. పాస్‌పోర్టు మారినప్పుడల్లా దాని కాపీ, కొత్త ఫొటో ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చే కార్డు) పోర్టల్లో మూడు నెలల్లోగా ఎక్కించాలి. మా ఆయన సెలవు దొరకక వెనక వస్తారు కాబట్టి, నేనొక్కదాన్నే పిల్లలతో వెళ్తున్నానని ఆయన ఒప్పుకున్నట్టు నోటరీ ఉత్తరం, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకుంటాను.

ఇక్కడి నుంచి కరెంటు వస్తువులు తీసుకెళ్లేముందు అడాప్టరు మీద అంకెలు చదవండి. 100–240 అని ఉంటే పిన్ను మార్చుకుంటే చాలు. 120 అని మాత్రమే ఉన్న పాలసీసా వార్మర్, స్టెరిలైజర్ అక్కడి 230 వోల్టులకి కాలిపోతాయి. వాటి బదులు అమ్మ వంటింట్లో సీసాలు మరిగించుకోవడానికి గిన్నె ఉంటుంది. డైపర్లు వారానికి సరిపడా చాలు, మిగతావి అక్కడ వీధి చివరే దొరుకుతాయి. ఫార్ములా పాలు మాత్రం బిడ్డకి అలవాటైన రకమే అక్కడ దొరక్కపోవచ్చు, మొత్తం రోజులకి సరిపడా తీసుకెళ్లండి. మామూలు పాలు తాగే పిల్లలకి గేదెపాలు ఒక్కసారిగా పట్టవు. ఇక్కడి హోల్ మిల్క్‌లో మూడుంపావు శాతం కొవ్వు ఉంటే గేదెపాలలో దానికి రెండింతలు ఉంటుంది. మొదటి రెండు వారాలు ఆవుపాల ప్యాకెట్టు, అది కూడా కాచినవే.

డబ్బు ఖర్చులేని తయారీ ఒకటుంది, నాకు అన్నిటికంటే నచ్చింది. బయల్దేరే నెలలో బాత్‌టబ్ మానిపించి బకెట్టు, మగ్గుతో స్నానం చేయిస్తాను. దోమతెర కూడా ఇక్కడే తెచ్చి మంచానికి కట్టి వారం పడుకోబెడతాను. కొత్తచోట, పదిన్నర గంటల తేడాతో, అర్ధరాత్రి మెలకువ వచ్చిన పిల్ల చుట్టూ తెర చూసి బెదిరిపోకుండా ఉంటుంది. ఆ మొదటి నాలుగైదు రాత్రులకి అత్తయ్యగారు పెరుగన్నం కలిపి ఫ్రిజ్‌లో, అరటిపళ్లు బల్ల మీద ఉంచుతారు. రెండింటికి లేచి తిని ఆడుకుని, పగలు బాల్కనీ వెలుతురులో తిరిగితే వారంలోగా గాడిన పడతారు. బంధువుల పిల్లలతో ఆడుకోవాలంటే మే చివరికే చేరండి. జూన్ రెండో వారంలో ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ బడులు తెరుస్తారు, ఆ తర్వాత పగలంతా ఇంట్లో మన పిల్లలే.

తిరిగొచ్చేముందు ఇండియాలో వేసిన ప్రతి టీకాకీ పేరు, తేదీ, సీసా మీదుండే లాట్ (బ్యాచ్) నంబరు డాక్టరుతో రాయించుకుని సంతకం పెట్టించండి. ఆ కాగితం ఇక్కడి పిల్లల డాక్టరుకి ఇస్తే రికార్డులో ఎక్కిస్తారు, లేకపోతే వేయించినట్టే లెక్క ఉండదు. ఇంటికొచ్చాక వారాల తర్వాతైనా, నెలల తర్వాతైనా పిల్లలకి జ్వరమొస్తే, డాక్టరు అడిగేదాకా ఆగకుండా ఇండియా వెళ్లొచ్చామని, ఏయే ఊళ్లలో ఉన్నామో మొదటి మాటగా చెప్పండి. డాలస్‌లో జ్వరంతో వచ్చిన పిల్లకి ఎవరూ తమంతట తాము మలేరియా, టైఫాయిడ్ పరీక్ష రాయరు.