మోరిస్ మైనర్ 1000కి కొత్త ఎస్‌యూ హెచ్‌ఎస్2 కార్బొరేటర్: ఎప్పుడు కొనాలి, ఎలా ఎంచుకోవాలి

1098 సీసీ ఇంజిన్‌తో 1962 నుంచి వచ్చిన పాత బ్రిటిష్ కారు మోరిస్ మైనర్ 1000కి కార్బొరేటర్ (గాలి, పెట్రోల్ కలిపి ఇంజిన్‌కి అందించేది) మార్చాల్సి వస్తే నేరుగా కూర్చునేది ఎస్‌యూ హెచ్‌ఎస్2. దీన్ని ఇప్పటికీ కొత్తగా తయారు చేస్తున్నది ఇంగ్లండ్‌లో సాలిస్‌బరీకి చెందిన బర్లెన్ సంస్థ. ఎస్‌యూ పేరు, హక్కులు 1996లో వాళ్ళ చేతికి వచ్చాయి. వస్తువు మంచిది, పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది. అయితే మరమ్మతు సామాను ధరకి ఇది కొన్ని రెట్లు ఉంటుంది కాబట్టి, పాతది నిజంగా పోయిందా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఎస్‌యూలో ముఖ్యంగా పాడయ్యేవి నాలుగు: జెట్ (పెట్రోల్ వచ్చే సన్నని గొట్టం), నీడిల్ (జెట్‌లోకి దిగి పెట్రోల్‌ని కొలిచే సూది), ఫ్లోట్ వాల్వ్ (ఫ్లోట్ చాంబర్ నిండగానే పెట్రోల్‌ని ఆపేది), థ్రాటిల్ షాఫ్ట్ (యాక్సిలరేటర్ తొక్కితే తిరిగే కడ్డీ). మొదటి మూడూ విడిగా దొరుకుతాయి, ఇంట్లోనే మార్చుకోవచ్చు. అసలు చిక్కు షాఫ్ట్ దగ్గరే. ఇంజిన్ ఆపి షాఫ్ట్‌ని వేళ్ళతో పట్టుకుని పైకీ కిందకీ ఊపి చూడండి. తర్వాత ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా షాఫ్ట్ రెండు చివర్లా కార్బ్ క్లీనర్ కొద్దిగా కొట్టండి (వేడి ఎగ్జాస్ట్ పక్కనే ఉంటుంది, జాగ్రత్త). ఇంజిన్ శబ్దం మారిందంటే అక్కడి నుంచి గాలి పీలుస్తోందన్నమాట. అలాంటి కార్బొరేటర్‌ని ఎంత ట్యూన్ చేసినా ఐడ్లింగ్ నిలవదు. కొత్త షాఫ్ట్ వేస్తే కొన్నిసార్లు సరిపోతుంది. కానీ అల్యూమినియం బాడీలోని రంధ్రమే కోడిగుడ్డు ఆకారానికి అరిగిపోయి ఉంటే బుష్‌లు (రంధ్రంలో దూర్చే చిన్న లోహపు గొట్టాలు) వేయించాలి. రెండు వైపులా ఒకే గీతలో రీమర్ వేయగల లేత్ పనివాడు దొరికితే ఆ దారే చవక. దొరక్కపోతే, లేదా బాడీకి పగులు ఉంటే, కొత్తది తెప్పించడం సబబు. దానికంటే ముందు వాల్వ్ క్లియరెన్స్ 0.012 అంగుళాలు, డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల గ్యాప్ 0.015 ఉన్నాయో లేదో చూసుకోండి. అవి సరిగ్గా లేక వచ్చే మిస్సింగ్‌ని కూడా కార్బొరేటర్ మీదకి తోసేస్తుంటారు.

ఇక ఏది కొనాలి. పేరులోని చివరి అంకె అంగుళం మీద ఎన్ని ఎనిమిదో వంతులో చెబుతుంది. కాబట్టి హెచ్‌ఎస్2 అంటే ఒకటింపావు అంగుళాల బోర్, హెచ్‌ఎస్4 అంటే ఒకటిన్నర. పెద్దది పెడితే పికప్ పెరుగుతుందని హెచ్‌ఎస్4 వైపు వెళ్ళకండి. దాని ఫ్లాంజ్‌కి నాలుగు బోల్టులు, మీ మేనిఫోల్డ్‌కి (కార్బొరేటర్ బిగించే ఇంజిన్ గొట్టం) రెండే స్టడ్‌లు. మామూలు 1098 ఇంజిన్‌కి అంత బోర్ అవసరమూ లేదు. 948 సీసీ బండ్లలో కనిపించే హెచ్2 బోర్ ఒకటే అయినా నిర్మాణం వేరు. దాని జెట్‌కి కార్క్ సీళ్ళుంటాయి, హెచ్‌ఎస్2లో ఫ్లోట్ చాంబర్ నుంచి జెట్‌కి సన్నని నైలాన్ గొట్టం వస్తుంది. సామాను ఒకదానిది ఒకదానికి పట్టదు.

సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా కనిపించేవి ఎంజీ మిడ్జెట్ నుంచి విప్పిన జంట హెచ్‌ఎస్2లు. ఫొటోలో అచ్చం మీ కార్బొరేటర్‌లాగే ఉంటాయి. కానీ ఫ్లోట్ చాంబర్ ఎటువైపు ఉంది, ఏ కోణంలో బిగించారు, చోక్ లివర్ ఎటు తిరుగుతుంది, డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ పైపుకి నిపుల్ ఉందా అన్నవి బండిని బట్టి మారతాయి. కార్బొరేటర్ బిగించాక ఫ్లోట్ చాంబర్ నిటారుగా నిలబడాలి. వాలితే పెట్రోల్ మట్టం తప్పుతుంది, ఇక మిక్చర్ ఎప్పటికీ కుదరదు. ఫ్లోట్ చాంబర్ మూత స్క్రూ కింద చిన్న లోహపు బిళ్ళ మీద నంబర్ ఉంటుంది. మీ పాతదాని నంబర్ రాసుకుని, దానికి సరిపోయేదే అడగండి. పాత అంబాసిడర్ల మీద కూడా ఎస్‌యూ ఉండేది కదా అని అది తెచ్చి పెడితే నీడిల్ దగ్గర దెబ్బ తింటారు. 1098కి మామూలు నీడిల్ ఏఎన్, రిచ్ (మిక్చర్‌లో పెట్రోల్ ఎక్కువ) కావాలంటే హెచ్6, లీన్‌కి (పెట్రోల్ తక్కువ) ఈబీ. ఆ అక్షరాలు నీడిల్ మొదట్లో చెక్కి ఉంటాయి, చదవడానికి భూతద్దం పట్టాల్సిందే. అలాగే డ్యాష్‌పాట్ (కార్బొరేటర్ పైనుండే గుండ్రని గది), అందులో పైకీ కిందకీ కదిలే పిస్టన్ ఒకదానికొకటి జతగా తయారైనవి. ఒకదాన్ని ఇంకో కార్బొరేటర్‌ది వేస్తే పిస్టన్ పట్టేస్తుంది, లేదా గాలి కారుతుంది.

బిగించేటప్పుడు పాత ప్యాకింగ్ పూర్తిగా గీకి, వేడి ఆపే స్పేసర్‌కి రెండు వైపులా కొత్త ప్యాకింగ్‌లు వేయండి. స్టడ్‌లు 5/16 అంగుళాల యూఎన్ఎఫ్ (అంగుళాల కొలతలో సన్న మర). 8 ఎంఎం నట్టు చూడటానికి అదే సైజు, ఒక చుట్టు ఎక్కుతుంది కూడా, బలవంతం చేస్తే మర కొట్టుకుపోతుంది. పాత బాడీకే షాఫ్ట్ మారుస్తున్నవాళ్ళు థ్రాటిల్ డిస్క్ స్క్రూలు రెండూ కొత్తవే వాడాలి, బిగించాక వాటి చీలిన చివర్లని తప్పనిసరిగా విడదీయాలి. ఆ స్క్రూ ఊడితే నేరుగా ఇంజిన్‌లోకే పోతుంది.

డ్యాష్‌పాట్‌లో నూనె ఉందో లేదో మొదటి స్టార్ట్‌కి ముందే చూడండి. ఎస్ఏఈ 20 నూనె, పిస్టన్ బోలు కడ్డీ పై అంచుకి సుమారు అర అంగుళం పైన ఉండేలా పోయాలి. బైక్ ఫోర్క్ ఆయిల్ 20 గ్రేడ్‌ది సరిగ్గా పనికొస్తుంది. నూనె లేకపోతే యాక్సిలరేటర్ తొక్కగానే పిస్టన్ ఒక్కసారిగా ఎగిరి ఇంజిన్ దగ్గుతుంది.

తర్వాత పిస్టన్‌ని వేలితో పైకెత్తి వదలండి. 'టిక్' అని లోహపు చప్పుడుతో అడుగుకి తగలాలి. తగలకపోతే నీడిల్ జెట్‌కి రాసుకుంటోంది, జెట్‌ని మధ్యకి తేవాలి. స్థిర (ఊగకుండా బిగించిన) నీడిల్ మార్చిన ప్రతిసారీ ఈ పరీక్ష తప్పదు. జెట్ నట్టుని పూర్తిగా పైకి తిప్పి, అక్కడి నుంచి 12 ముఖాలు, అంటే రెండు చుట్లు కిందికి దింపి ఇంజిన్ స్టార్ట్ చేయండి. బాగా వేడెక్కాక పక్కనున్న లిఫ్ట్ పిన్నుతో పిస్టన్‌ని ఒక మిల్లీమీటరుకి లోపే ఎత్తండి. వేగం పెరిగి అలాగే ఉంటే రిచ్, నట్టుని పైకి తిప్పాలి. తడబడి ఆగబోతే లీన్, కిందికి తిప్పాలి. కాస్త పెరిగి వెంటనే సర్దుకుంటే కుదిరినట్టు. ఒక్కసారికి ఒక్క ముఖమే తిప్పండి.

మన దగ్గర ఈ20 (20 శాతం దాకా ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌తో నడిపేవాళ్ళకి ఇంకో మాట. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే సెట్టింగ్‌లో మిక్చర్ లీన్ అవుతుంది. నట్టుని ఒకటి రెండు ముఖాలు దింపితే ఐడ్లింగ్ కుదురుతుంది. అయినా ఎత్తు ఎక్కేటప్పుడు దగ్గుతూ, ప్లగ్ తెల్లగా కాలుతుంటే హెచ్6 నీడిల్ వేసి చూడాలి. ఆర్డర్ పెట్టేటప్పుడే ఏఎన్, హెచ్6 నీడిల్‌లు రెండూ, బర్లెన్ వాళ్ళ స్టే అప్ ఫ్లోట్, ఒక ఫ్లోట్ వాల్వ్, ప్యాకింగ్‌లు కలిపి తెప్పించుకోండి. కొరియర్ ఖర్చు ఒక్కసారితో పోతుంది. స్టే అప్ ఫ్లోట్ లోపల బోలుగా ఉండదు, అందుకే పెట్రోల్ నిండి మునిగే బెడద లేదు.

కొత్తది బిగించినా పెట్రోల్ ఓవర్‌ఫ్లో అవుతుంటే కార్బొరేటర్‌ని తిట్టే ముందు పంపు చూడండి. మైనర్‌కి కంపెనీ ఇచ్చిన ఎస్‌యూ ఎలక్ట్రిక్ పంపు ప్రెషర్ చాలా తక్కువ. దాని స్థానంలో 4, 5 పీఎస్‌ఐ ఇచ్చే మామూలు ఎలక్ట్రానిక్ పంపు పెట్టి ఉంటే ఆ ఒత్తిడి ఫ్లోట్ వాల్వ్‌ని తోసేస్తుంది. మధ్యలో రెగ్యులేటర్ పెట్టి ఒకటిన్నర పీఎస్‌ఐ దగ్గరకి దించండి.