ఇత్తడి, కంచు, స్టీలు: పన్నెండేళ్లు రోజూ వండాక తేలిన సంగతులు

కొట్లో "ఇత్తడి" అని చూపించే రెండు గిన్నెలు ఒకే లోహం కానక్కర్లేదు. "స్టీలు" సంగతీ అంతే. పన్నెండేళ్లుగా పొయ్యి మీద పెట్టి, తోమి, కళాయి వేయించి, పనికిరానివి పాత సామాను కింద తూకానికి వేసేశాక రాస్తున్న సమీక్ష ఇది. వంటపాత్ర కొనేటప్పుడు లోహం పేరు వినగానే సరిపెట్టుకోకుండా, అందులో ఏది ఎన్ని పాళ్లుందో అడగాలి. గిన్నెలో ఏం వండొచ్చో, ఎంత మంట పెట్టొచ్చో, ఎన్నాళ్లు నిలుస్తుందో ఆ పాళ్లే చెప్తాయి.

రాగి మెత్తన. తగరం అంతకన్నా మెత్తన, సన్న కడ్డీని చేత్తో వంచేయొచ్చు. ఈ రెంటినీ 78, 22 పాళ్లలో కరిగించి కలిపితే కంచు వస్తుంది. అది కొడితే గంటలా మోగుతుంది, సులువుగా సొట్టపోదు, బండ మీద పడితే మాత్రం పగులుతుంది. ఈ గుణాలు రాగికీ లేవు, తగరానికీ లేవు. లోహంలో పరమాణువులు వరసలుగా ఉంటాయి. వంచినప్పుడు ఒక వరస ఇంకోదాని మీద జారుతుంది. మధ్యలో వేరే సైజు పరమాణువులు ఇరుక్కుంటే ఆ జారుడు తగ్గిపోతుంది, లోహం గట్టిపడుతుంది. పాళ్లు ఇంకా పెరిగితే కొత్త రకం స్ఫటికాలు ఏర్పడి పెళుసుదనం కూడా వస్తుంది. రంగు, కరిగే వేడి, పులుపుని తట్టుకునే శక్తి కూడా పాళ్లతోపాటే మారతాయి. మిశ్రమ లోహం అంటే ఇంతే.

ముందు ఇత్తడి. రాగి, జింకు కలిసినది. జింకు 30 శాతం దగ్గర ఉన్న రేకు చల్లగా ఉన్నప్పుడే సుత్తికి సాగుతుంది. లోతైన గిన్నెకీ బిందెకీ ఇదే మేలు. 40 శాతానికి చేరితే ఎర్రగా కాల్చి సాగదీయాలి, చల్లగా కొడితే చీలుతుంది. శ్రీకాకుళం జిల్లా బుడితి, గోదావరి జిల్లాల్లో అజ్జరం ఇత్తడి సామానుకి పేరున్న ఊళ్లు. జనగామ జిల్లా పెంబర్తి పేరు రేకు మీద చెక్కడపు పనికి.

పోత ఇత్తడితో జాగ్రత్త. కుళాయిలకీ వాల్వులకీ వాడే ఇత్తడిలో, మరమీద సులువుగా తెగడానికి 2, 3 శాతం సీసం కలుపుతారు. ఆ తుక్కు కరిగించి గిన్నె పోస్తే సీసం గిన్నెలోకి వస్తుంది. దీపపు కుందికి ఫరవాలేదు, వంటకి వద్దు. రేకుతో కొట్టిన గిన్నె గోడ సమంగా ఉంటుంది, సుత్తి దెబ్బల గుంటలు వరసగా కనిపిస్తాయి. పోత గిన్నె అడుగు బరువుగా ఉంటుంది. లోపల వేలితో రాస్తే గరుకు తగులుతుంది, అక్కడక్కడ సూదిమొనంత రంధ్రాలుంటాయి.

వేడి పాకడంలో ఇత్తడి నిజంగా గొప్పది. ఉష్ణవాహకత లెక్కలో 304 అనే రకం స్టీలుది 16 దగ్గరైతే 70-30 ఇత్తడిది 120 దగ్గర. మంట తగిలిన చోటే కాగిపోకుండా వేడి గిన్నె అంతా పరుచుకుంటుంది. పాయసం, చక్కెర పొంగలి, పాలకోవా అడుగంటకుండా రావాలంటే నా ఓటు ఇత్తడికే. అడుగు 2 మిల్లీమీటర్లైనా ఉండాలి, పలచనిది అప్పుడే సొట్టపోతుంది. ఇండక్షన్ పొయ్యి మీద మాత్రం ఇది పనిచేయదు.

ఇంత మంచి పాత్రకి పెద్ద లోపం, పులుపు. చింతపండు, టమాటా, మజ్జిగ, నిమ్మరసం ఏది తగిలినా రాగి, జింకు కరిగి కూరలోకి దిగుతాయి. కూర చిలుమెక్కి నోట్లో వగరుగా తగులుతుంది, తింటే వికారం, వాంతులు. దీనికి మందు కళాయి, అంటే లోపల వేసే తగరపు పూత. కళాయి సరిగ్గా పడిందో లేదో చూసుకోవడం తెలిస్తే ఇత్తడి వాడకంలో సగం తెలిసినట్టే.

పని జరిగే తీరు ఇది. ముందు లోపలి జిడ్డు, చిలుము, పాత పూత పోయేలా ఇసక, చింతపండుతోనో పలచటి ఆమ్లంతోనో తోమి కడుగుతారు. గిన్నెని బొగ్గుల మీద కాల్చి, వేడెక్కాక నవసాగరం పొడి చల్లుతారు. తెల్లని పొగ లేస్తుంది. నవసాగరం అంటే అమ్మోనియం క్లోరైడు. వేడికి విడిపోయి వచ్చే ఆమ్లపు ఆవిరి లోహం మీది ఆక్సైడు పొరని తినేస్తుంది. తగరం శుభ్రమైన లోహానికే అంటుకుంటుంది కాబట్టి ఈ మెట్టు తప్పితే మిగతా పనంతా వృథా. వెంటనే తగరపు కడ్డీని తాకిస్తే అది కరుగుతుంది. దూదితో అడుగు నుంచి అంచు దాకా ఒక్క ఊపున తుడిచి, నీళ్లలో ముంచుతారు. ఆ పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఈ పని వాకిట్లోనే జరగాలి, పిల్లలు దూరంగా ఉండాలి.

పూత తప్పితే రకరకాలుగా కనబడుతుంది. నల్లటి మచ్చ ఉంటే అక్కడ నవసాగరం చేరలేదు, తగరం అంటలేదు. తళతళలాడాల్సిన పూతకి పసుపు, నీలం ఛాయ ఉంటే గిన్నె మరీ కాగింది, తగరం పైన మాడింది. బొట్లు బొట్లుగా గడ్డకడితే వేడి చాల్లేదు, తుడుపు ఆలస్యమైంది. మచ్చ ఉంటే అక్కడికక్కడే మళ్లీ వేయించుకోవాలి. ఇంటికి తెచ్చాక గమనిస్తే అడిగే వీలుండదు.

ఇక తగరం నాణ్యం. స్వచ్ఛమైన తగరం 232 డిగ్రీలకి కరుగుతుంది. 60 పాళ్ల తగరంలో 40 పాళ్లు సీసం కలిపిన టంకం 190 లోపే కరుగుతుంది, చవక, పైకి అంతే మెరుపు. కళాయి వేసేవారి కడ్డీని ముందుగా అడిగి చూడటంలో తప్పేమీ లేదు. కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని వంచితే మంచి తగరం కిర్రుమని చప్పుడు చేస్తుంది. తెల్ల కాగితం మీద గీస్తే నల్లని చార పడిందంటే సీసం అనుమానించాలి. ఈ రెండూ అనుమానం రేకెత్తించే పరీక్షలే, తీర్పులు కావు. కొద్దిపాటి సీసాన్ని ఇవి పట్టివ్వవు. తగరం మనమే కొని ఇచ్చి, కూలి విడిగా మాట్లాడుకోవడం అన్నిటికన్నా నిశ్చింత. ఎంత కొనాలో లెక్క కష్టం కాదు. 20 సెంటీమీటర్ల అడ్డం, 11 సెంటీమీటర్ల ఎత్తున్న మూడున్నర లీటర్ల గిన్నె లోపలి వైశాల్యం సుమారు 1,000 చదరపు సెంటీమీటర్లు. 20 మైక్రాన్ల పూతకి దాదాపు 15 గ్రాముల తగరం పడుతుంది. దూదికి పోయేది కలుపుకుని 25 గ్రాములిస్తే చాలు.

కళాయి గిన్నెలో పోపు పెట్టకూడదు. ఖాళీ గిన్నెలో నూనె చుక్కేసి పెద్ద మంట పెడితే అడుగు 232 దాటడానికి ఎక్కువసేపు పట్టదు, తగరం కరిగి ఒక పక్కకి చేరుతుంది. పోపు ఇనప గరిటెలో పెట్టి పైన వేసుకోవాలి. కలపడానికి చెక్క గరిటె, తోమడానికి కొబ్బరి పీచు. స్టీలు పీచు తగిలితే ఏడాది రావాల్సిన పూత రెండు నెలల్లో పోతుంది. పూత బూడిద రంగుకి తిరగడం అరుగుదల కాదు, తగరం సహజంగా అలాగే మసకబారుతుంది. కంగారుపడి రుద్దకూడదు. రూపాయి బిళ్లంత మేర పసుపుపచ్చని ఇత్తడి బయటపడితే అప్పుడు వేయించాలి. రోజువారీ అన్నం, పప్పుకైతే ఏడాదికి ఒకసారి, పులుసులు ఎక్కువ కాచేచోట ఆరు నెలలకే.

ఇత్తడికి ఇంకో శత్రువు ఉందని చాలామందికి తెలీదు, అమ్మోనియా. చల్లగా కొట్టి సాగదీసిన రేకులో లోపల బిగువు మిగిలిపోతుంది. అమ్మోనియా, తేమ కలిసి తగిలితే ఆ బిగువు ఉన్నచోట గీత గీసినట్టు పగుళ్లు వస్తాయి. బ్రిటిష్ కాలంలో ఇక్కడి సైన్యపు ఇత్తడి తూటా గొట్టాలు వానాకాలంలో ఇలాగే చీలేవి. గుర్రపుశాలల అమ్మోనియా కారణమని తర్వాత తేలింది. పశువుల కొట్టంలో అటక మీద పెట్టిన పాత బిందె అంచు చీలడం వెనకా ఇదే ఉండొచ్చు. అమ్మోనియా ఉన్న క్లీనర్లు ఇత్తడి దగ్గర ఉంచకండి. చింతపండులో రాత్రంతా నానబెట్టడమూ వద్దు. జింకు ముందు కరిగిపోయి, పైన ఎర్రని రాగి మచ్చలు మిగులుతాయి. పది నిమిషాలు రుద్ది, కడిగి, పొడిబట్టతో తుడిస్తే చాలు.

కంచుని తినడానికి వాడాలి, వండటానికి కాదు. కంచు కంచంలో వేడి అన్నం చాలాసేపు వేడిగా ఉంటుంది, మందమైన లోహం వేడిని పట్టి ఉంచుతుంది. 22 శాతం తగరం ఉన్న కంచు చల్లగా ఉంటే సుత్తి దెబ్బకే పగులుతుంది. అందుకే ఎర్రగా కాల్చి, ఆ వేడిలోనే కొట్టి, చివర్లో నీళ్లలో ముంచుతారు. నెమ్మదిగా చల్లారితే లోపల పెళుసు స్ఫటికాలు ఏర్పడతాయి. నీట ముంచితే వాటికి వ్యవధి ఉండదు, పాత్ర నిలుస్తుంది. దీన్ని ఖాళీగా మంట మీద పెడితే ఆ ముంచి తెచ్చిన దృఢత్వం పోతుంది. పైగా కాగినదాని మీద చన్నీళ్లు పడితే చిట్లుతుంది. పగిలినదాన్ని అతికించడం దాదాపు కుదరదు. తూకానికి ఇచ్చి, మజూరి కట్టి కొత్తది తెచ్చుకోవడమే.

అసలు కంచు పసుపులో కాస్త ఎరుపు కలిసిన లేత రంగులో ఉంటుంది, చిటికెన వేలి మీద నిలిపి చెక్కతో తడితే మోత చాలాసేపు సాగుతుంది. జింకు, సీసం కలిపితే మోత తెగిపోతుంది. కానీ మోత తెగిందని కల్తీ అనేయడానికీ లేదు, పగులున్న కంచం కూడా మొద్దుగా పలుకుతుంది. కాబట్టి కొనేముందు అంచంతా వేలితో తడిమి చూడాలి. కంచు పులుపుకి లొంగదని కొట్లో చెప్తారు. అందులో మూడొంతులకు పైగా రాగే ఉంది, లొంగకేం? భోజనం చేసినంతసేపు ఫరవాలేదు. పెరుగన్నం కలిపి రాత్రంతా ఉంచితే అంచున పచ్చదనం కనిపిస్తుంది.

స్టీలుకి రోజువారీ వాడకంలో నా దగ్గర ఎక్కువ మార్కులు పడ్డాయి, 304 అయితేనే. అందులో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం. ఇనుముకి తుప్పు పట్టకుండా ఆపేది క్రోమియం. గాలి తగలగానే పైన కంటికి కనపడనంత పలుచని పొర కడుతుంది, గీరితే మళ్లీ కడుతుంది. 10.5 శాతం కన్నా క్రోమియం తగ్గితే దాన్ని స్టెయిన్‌లెస్ అనరు. చవక గిన్నెల్లో ఖరీదైన నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు, అది 200 శ్రేణి. 202లో నికెల్ 4 నుంచి 6 శాతం, కొన్ని చవక రకాల్లో 1 శాతం అటూఇటూ. వీటికి ఉప్పు తగిలినచోట తుప్పుచుక్కలు త్వరగా వస్తాయి.

అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలు అనే మాట నమ్మకండి. 200 శ్రేణికి కూడా అయస్కాంతం అంటదు. అంటేది నికెల్ లేని 430 రకం స్టీలుకి. మంచి 304 గిన్నె అయినా బాగా సాగదీసిన అంచుల దగ్గర కాస్త లాగుతుంది. తేడా తెలియాలంటే మాంగనీసు పరీక్ష చుక్కల మందు ఉంటుంది. గిన్నె అడుగున చుక్క వేసి చిన్న బ్యాటరీ తగిలిస్తే 200 శ్రేణి ఎర్రగా తిరుగుతుంది. 2024లో కేంద్రం స్టీలు, అల్యూమినియం పాత్రలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. స్టీలుకి ఐఎస్ 14756, అల్యూమినియానికి ఐఎస్ 1660. గుర్తు, నంబరు రెండూ చూడాలి.

304కీ బలహీనతలున్నాయి. చన్నీళ్లలో రాళ్ల ఉప్పు వేసి వదిలేస్తే అది అడుగున కూర్చుంటుంది, ఆ కాస్త మేర క్లోరైడు పొరని తొలిచి సూదిపోటు గుంటలు పెడుతుంది. అవి ఇక పోవు. నీళ్లు మరిగాకే ఉప్పేసి కలపాలి. ఊరగాయ నెలల తరబడి ఉంచడానికి జాడీయే సరి. అడుగంటడానికి మందు మూడు పొరల గిన్నె. లోపల 304, మధ్యలో అల్యూమినియం, బయట ఇండక్షన్ కోసం 430. మూడింటి మంచి గుణాలూ ఒకచోట దొరికే ఈ ఏర్పాటు నాకు బాగా నచ్చింది.

హిండాలియం, అంటే అల్యూమినియం మిశ్రమ లోహపు మూకుడు వేపుళ్లకి బాగుంది, పులుసుకి వద్దు. జర్మన్ సిల్వర్‌లో వెండి చుక్క కూడా ఉండదు, రాగి, నికెల్, జింకు మాత్రమే. పూజ పళ్లేనికి సరే. "సత్తు గిన్నె" అడిగేటప్పుడు విడమరిచి అడగండి, తగరాన్నీ అల్యూమినియాన్నీ రెంటినీ ఆ మాటతోనే పిలుస్తారు. చారు కాచే తగరపు గిన్నెని ఖాళీగా పొయ్యి మీద పెడితే నిమిషాల్లో ముద్దవుతుంది.

కుక్కరు మూత మీది సేఫ్టీ వాల్వు మధ్యలో చిన్న చుక్కలా కనిపించేదీ మిశ్రమ లోహమే. బిస్మత్ విడిగా 271 డిగ్రీలకి, తగరం 232కి కరుగుతాయి. 58, 42 పాళ్లలో కలిపితే 138కే కరుగుతుంది. ఈ కోవకి చెందిన లోహాన్నే అక్కడ పెడతారు. కుక్కరు మామూలుగా పనిచేసేది 120 దగ్గర. వెయిట్ మూసుకుపోయినా, నీళ్లు ఇంకిపోయినా, వేడి హద్దు దాటగానే ఆ చుక్క కరిగి ఆవిరి బయటికి పోతుంది. అది పోయినప్పుడు టంకంతోనో మరమేకుతోనో పూడ్పించే ఇళ్లున్నాయి. టంకం 180 దాటితే గానీ కరగదు, అప్పటికి లోపలి ఒత్తిడి మూత తట్టుకునే హద్దు దాటిపోయి ఉంటుంది. ఆ మోడల్‌కి సరిపడే అసలు వాల్వే తెచ్చి బిగించండి, పోయిన కారణం వెతకండి. వెయిట్ రంధ్రంలో పప్పు పొట్టు ఇరుక్కుందేమో ముందు సన్న పుల్లతో చూడండి.